చాపల పటం

ఇందుజకి మొదటిసారి కుళ్ళు పుట్టింది ఆవకాయ టెంక దగ్గర.

అంత చదువు చదివి, ఇరవైమంది పనిచేసే ప్రయోగశాల నడుపుతూ, చివరికి టెంక దగ్గరా అని నవ్వకండి. ఆ ఇంట్లో జాడీలోంచి పైకొచ్చే మొదటి టెంక ఇందుజది. పెళ్ళయిన కొత్తలో కిరీటి తన కంచంలోంచి తీసి ఆమె కంచంలో వేశాడు. పంతొమ్మిదేళ్ళుగా వేస్తూనే ఉన్నాడు. అలాంటిది ఆ రాత్రి భోజనాల దగ్గర అదే చెంచాతో టెంక తీసి, చెయ్యి చాచి మరీ, మరదలి కంచంలో వేశాడు.

"తిను లహరీ. గోదాము వేడికి ఎండి వడియంలా అయ్యావు" అన్నాడు.

"వడియాన్నయితే వేయిస్తే పొంగుతాను బావా. నువ్వు పాత అప్పడానివి, ముట్టుకుంటే విరుగుతావు" అంది లహరి.

ఇద్దరూ పకపకా నవ్వారు. బావా మరదళ్ళు అలా ఆటపట్టించుకోకపోతేనే మన ఇళ్ళలో వింత. పెళ్ళినాడు గుమ్మానికి అడ్డం నిలబడి, అక్క పేరు చెబితేగానీ బావని లోపలికి రానివ్వనన్నది ఈ లహరే. అప్పుడు దానికి పంతొమ్మిదేళ్ళు. ఆనాటి నుంచీ వాళ్ళిద్దరి వేళాకోళాలకి అందరికంటే గట్టిగా నవ్వింది ఇందుజే. ఆ రాత్రి మాత్రం ఆమెకి నవ్వు రాలేదు. గుండె కింద ఎక్కడో నిప్పురవ్వ పడినట్టయింది. మంచినీళ్ళు తాగి లేచిపోయింది.

చలవ మాత్ర వేసుకోవడం మొదలుపెట్టి ఆ రోజుకి తొమ్మిది రోజులు. ఆ రెండింటికీ సంబంధం ఉంటుందని ఆ మాత్రని తయారుచేసిన మనిషికే తట్టలేదు.

ఎండలు యాభై రెండు డిగ్రీలు దాటడం గుంటూరుకి అది రెండో ఏడు. పొద్దున తొమ్మిదికి రోడ్లు ఖాళీ అయితే, సాయంత్రం ఆరుకి గానీ మళ్ళీ మనిషి కనపడేవాడు కాదు. కానీ కల్లాల్లోంచి దిగిన మిర్చి ఊరికే కూర్చోదు. దాన్ని మోయాలి, గ్రేడు చెయ్యాలి, తొడిమలు తీయాలి. వడదెబ్బకి మనుషులు రాలిపోతుంటే పని ఆపమనే ధైర్యం ఎవరికీ లేకపోయింది, పని మానుకునే వీలు కూలివాళ్ళకి లేకపోయింది. అప్పుడొచ్చింది ఇందుజ బృందం ఎనిమిదేళ్ళు కష్టపడి చేసిన మాత్ర. పొద్దున ఒకటి వేసుకుంటే చాలు. ఒళ్ళు తక్కువ వేడి పుట్టిస్తుంది, పడ్డ వేడిని ఓర్చుకుంటుంది. చెమట పట్టదు. నోరూ కళ్ళూ కాస్త పొడిబారతాయి. అంతకుమించి ఏమీ కాదని నలభైమంది హమాలీల మీద ఆరు నెలలు పరీక్షించి తేల్చారు.

ఆడవాళ్ళ మీద పరీక్షించకుండా ఆడవాళ్ళకి ఇవ్వడానికి వీల్లేదని కమిటీలో బల్ల గుద్ది వాదించింది ఇందుజే. "వాళ్ళ ఒంట్లో నెలకో రకంగా ఉంటుంది మేడమ్, లెక్క చెడుతుంది" అన్నవాళ్ళని నోరెత్తనివ్వలేదు. గెలిచింది. ఊరి పొలిమేరలో ఒక మిర్చి గోదాములో తొంభైమంది ఆడవాళ్ళ మీద ఇరవై నాలుగు రోజుల పరీక్ష ఖాయమైంది. మోతాదు మాత్రం అప్పటికే హమాలీల మీద ఖాయమైపోయి ఉంది. అన్నయ్యకి కుట్టిన చొక్కా చెల్లెలికి తొడిగినట్టు, అదే మాత్రని అలాగే ఇచ్చారు. అక్కడ ఆమె బల్ల గుద్దలేదు.

ప్రతి ఒక్కరి జబ్బకీ ఒక పట్టీ అంటించేవారు. నెత్తురులో మందు ఎంత ఉందో అది ఫోనుకి చెబుతుంది. మొదటి వారంలోనే ఒక సంగతి బయటపడింది. మగవాళ్ళ ఒంట్లో తెల్లారేసరికి మందు మొత్తం పోతోంది. ఆడవాళ్ళ ఒంట్లో దాదాపు సగం అలాగే నిలిచి ఉంటోంది, దాని మీద మళ్ళీ మాత్ర పడుతోంది. ఇందుజ దాన్ని చూసి సంతోషించి, "స్త్రీలలో చలవ ఎక్కువసేపు నిలుస్తుంది, ఇది అదనపు ప్రయోజనం" అని నివేదికలో రాసింది. ఆ వాక్యం ఆమెకి తర్వాత చాలా రోజులు గుర్తుంది.

ఆ ప్రయోగశాలకి ఒక ఆచారం ఉంది. ఏ మందు బయటివాళ్ళకి ఇచ్చినా, పరీక్ష సాగినన్నాళ్ళూ అక్కడ పనిచేసేవాళ్ళూ, వాళ్ళ ఇళ్ళలో ఒప్పుకున్న పెద్దవాళ్ళూ కూడా వేసుకోవాలి. ఇందుజకి పని నేర్పిన పెద్దాయన పెట్టిన నియమం. ఇంటివరస అనేవారు దాన్ని. అందుకే పొద్దున్నే కాఫీ కంటే ముందు ఆ ఇంట్లో మూడు మాత్రలు మూడు నోళ్ళలో పడేవి. ఒకటి ఇందుజకి. ఒకటి కిరీటికి. అతను అదే గోదాము పక్కనున్న కోల్డ్ స్టోరేజీలో మిషన్లు చూసే ఇంజనీరు. మూడోది లహరికి. అదీ ఈ శాస్త్రమే చదివింది; గోదాములో ఆడవాళ్ళ మంచిచెడ్డలు రాసుకునే పని మీద అక్క ఇంట్లోనే దిగి, రోజూ బావ స్కూటరెక్కి వెళ్ళొచ్చేది.

ఆ స్కూటరు! టెంక తర్వాత ఇందుజకి కంట్లో నలుసైంది అదే. ఏడింటికి వెళ్తారు, నాలుగింటికి వస్తారు. ఓ రోజు నాలుగుంపావు అయింది. ఆ పావుగంట ఎక్కడ? మర్నాటి నుంచి ఆమె స్కూటరు మీటరు చూసి కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టింది. నలభై ఆరేళ్ళ శాస్త్రవేత్త చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వాకిట్లో స్కూటరు ముందు వంగి అంకెలు రాసుకుంటోంది! చేస్తున్నది తప్పని తెలుసు. అయినా మీటరు చూడందే కాఫీ రుచించేది కాదు. పన్నెండో రోజున లహరి స్నానానికి వెళ్తే దాని దిండు వాసన చూసింది. కొబ్బరినూనె వాసన. కిరీటి కూడా కొబ్బరినూనే రాసుకుంటాడు. ఆ ఇంట్లో ఉన్నది ఒకటే సీసా అన్న సంగతి అప్పుడు గుర్తుకురాలేదు.

కిరీటికి మాత్రం ఏ తేడా లేదు. హాయిగా తిని, హాయిగా ఎండలో తిరిగి, "నీ మాత్ర అద్భుతం ఇందూ! ఇవాళ మధ్యాహ్నం రెండింటికి పైకప్పు మీద నిలబడి కంప్రెసరు బాగుచేశాను" అనేవాడు. ఆమెకి ఒళ్ళు మండేది. కనీసం ఆ మంటకైనా పనికొచ్చే మాత్ర కాదది.

పదహారో రోజున లహరి ప్రయోగశాలకి వచ్చింది, చేతిలో గోదాము నివేదికతో.

"అక్కా, ఒక లైను కలిపాను. చూడు" అంది.

ఇందుజ చూసింది. 'స్త్రీలలో కలహాలు, అనుమానాలు పెరిగాయి. మాత్ర ప్రభావమా? పరిశీలించాలి.'

"ఏంటిది?"

"గోదాములో జంటలు విడిపోతున్నాయక్కా. నీకు చెప్పానుగా, ఇద్దరిద్దరు ఒక చాప మీద కూర్చుని ఒక కుప్ప తీస్తారు. ఏళ్ళ తరబడి అవే జంటలు. మొదటి వారం ఒక్కళ్ళూ చాప మార్చలేదు. రెండో వారం పదకొండు జంటలు విడిపోయాయి. నా డబ్బా నువ్వు తీశావని, దాని పక్కన నువ్వెందుకు కూర్చున్నావని తగువులు. హమాలీల్లో ఒక్క గొడవా లేదు."

"తొంభైమంది ఆడవాళ్ళు ఒకచోట కూర్చుంటే కొట్లాడుకోరా? కమిటీ ముందు ఇదా పెట్టేది? నవ్వుతారు."

"నవ్వితే నవ్వుతారు..."

"ఇరవై నాలుగో రోజున నేను సంతకం పెట్టాలి. పెడితే రాష్ట్రమంతా పంచుతారు. ఎనిమిదేళ్ళ పని. నువ్వొచ్చి నెల కాలేదు, నా కాగితంలో నీ లైను ఉండాలా?"

లహరి మొహం చిన్నబోయింది. "నీ కాగితమే అక్కా. ఎవరు కాదన్నారు?"

ఇందుజ ఎర్ర కలం తీసి ఆ లైను అడ్డంగా కొట్టేసింది. పక్కన 'సంబంధం లేదు' అని రాసి పొట్టి సంతకం పెట్టింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆమె మనసులో ఉన్నది గోదామూ కాదు, కమిటీ కాదు. ఇది నా మొగుణ్ణి తీసుకుంది, ఇప్పుడు నా మందుని తీసుకుంటుంది. అదొక్కటే తలలో గిర్రున తిరుగుతోంది. కొట్టేశాక మనసు ఎంత చల్లబడిందో! సగం మిగిలిన కాఫీ కూడా తాగేసింది.

ఇరవై మూడో రోజు పొద్దున పదకొండింటికి గోదాము నుంచి ఫోను వచ్చింది. ఏసుమణి అనే ఆవిడ, తన జంట నాగేంద్రం కళ్ళల్లో గుప్పెడు మిరపపొడి కొట్టిందని. ఆ ఇద్దరూ ఇరవై రెండేళ్ళుగా ఒకే చాప. నాగేంద్రం తన డబ్బాలో పప్పన్నం వేరే ఆవిడకి పెట్టి ఏదో అని నవ్విందట. అంతే.

"కన్ను పోయినట్టేనంటున్నారు మేడమ్. కుడికన్ను. ఎన్ని నీళ్ళు కొట్టినా పొడి బయటికి రాలేదు. కన్ను మండిపోతోందని గుండెలు బాదుకుందిగానీ చుక్క నీరు కారలేదు. ఏడుపొస్తే కొంత కొట్టుకుపోయేదేమో అన్నారు ఆస్పత్రిలో" అన్నాడు గోదాము గుమాస్తా.

"ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్ళారు?"

"లహరి గారూ, కిరీటి గారూ."

"ఇద్దరూ కలిసి వెళ్ళారా? ఒకే బండి మీదా?" అంది ఇందుజ.

"నాగేంద్రాన్ని మధ్యలో కూర్చోబెట్టుకుని వెళ్ళారమ్మా" అన్నాడు మెల్లగా.

ఫోను పెట్టేశాక ఇందుజకి తను అడిగింది తనకే వినపడింది. ఒక మనిషి కన్ను పోయింది, నేను బండి సంగతి అడిగాను. సిగ్గుతో చచ్చిపోయింది. సిగ్గుపడుతూనే లేచి, ఇంటికెళ్ళి, లహరి గదిలోకి వెళ్ళి దాని సంచి జిప్పు తీసింది. వాళ్ళు ఆస్పత్రిలో ఉన్న ఆ గంటలోనే ఏదో ఒకటి దొరకాలి, దొరికితే తన సిగ్గుకి అర్థం ఉంటుంది. అదీ ఆమె ఆరాటం.

దొరికింది. రుమాల్లో మూటకట్టి పదహారు చలవ మాత్రలు.

ఇంటివరస తప్పింది దొంగ! మాత్రలు మింగకుండా దాచి, పరీక్ష చెడగొట్టి, తప్పంతా అక్క మీదకి తోసి... ఇందుజ సంచి బోర్లించింది. రెండు గాజులు, దువ్వెన, ఒక లావుపాటి నోటుపుస్తకం పడ్డాయి. ప్రేమలేఖలు ఉంటాయనుకుని పుస్తకం తెరిచింది.

పేజీకో పటం. గోదాము నేల మీద చాపలన్నీ చిన్న చిన్న గళ్ళుగా గీసి, గడిలో రెండేసి పేర్లు. రోజుకో పటం. చాప మారిన పేరు కింద ఎర్రగీత. మొదటివారం పటాలు తెల్లగా ఉన్నాయి. పదో రోజు నుంచి ఎర్రబడ్డాయి. ఆదివారాలు గోదాముకి సెలవు, అక్కడ మాత్ర ఉండదు. సోమవారం గీతలు తక్కువ, శనివారానికి ఎక్కువ. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది రోజుల్లో బందు వల్ల గోదాము మూసేశారు, మాత్రలూ పంచలేదు. ఇరవయ్యో రోజు పటంలో నాలుగు జంటలు తిరిగి ఒక చాప మీదకి వచ్చాయి. అందులో ఏసుమణి, నాగేంద్రం ఒక జంట. ఇరవై రెండో రోజు పటంలో ఏసుమణి కింద మళ్ళీ గీత ఉంది. దాని పక్కన లహరి చేతిరాత: 'రేపు అక్కతో మళ్ళీ మాట్లాడాలి. తిట్టినా సరే.'

ఇందుజ పేజీలు తిప్పుతూ చివరికి వచ్చింది. అక్కడ గోదాము లేదు. నాలుగు కుర్చీల భోజనాల బల్ల ఉంది.

ఆమె ఇంటి బల్లే. ఒకటో రోజు నుంచి ఇరవై రెండో రోజు దాకా రోజూ రాత్రి భోజనానికి ఒక చిన్న పటం. మొదట్లో 'అక్క' అన్న పేరు బావ పక్కన. తొమ్మిదో రోజు మధ్యలో లేచిపోయింది అని చుక్క. పదకొండు నుంచి బావకీ లహరికీ మధ్య కుర్చీలో. పదిహేను నుంచి బల్ల దగ్గర అక్క లేదు, వంటింట్లో నిలబడి తింటోంది. ప్రతి పటం కింద ఇందుజ జబ్బ మీది పట్టీ చెప్పిన అంకె. అంకెలు పెరిగాయి, కుర్చీ దూరం జరిగింది. బావ పేరు మాత్రం ఇరవై రెండు పటాల్లోనూ ఒకే కుర్చీలో ఉంది.

నన్ను కూడా కూలివాళ్ళలా కూర్చోబెట్టి గీసిందా! ఇందుజకి పుస్తకం చించెయ్యాలనిపించింది. అట్ట పట్టుకుని లాగబోయింది కూడా. అప్పుడు కనపడింది అట్ట లోపలివైపు రాసిన నాలుగు వరుసలు.

'నాక్కూడా. అక్క మీద. అక్కకి ఇల్లుంది, బావ ఉన్నాడు, పేరుంది, నాకేముందని. ఏడో రోజు అక్క చీర అంచు కత్తిరించబోయి ఆగాను. నేను ఇలాంటిదాన్ని కాదు. ఎనిమిదో రోజు నుంచి మాత్ర మానేశాను. చెబితే అక్క పని చెడుతుందని చెప్పలేదు. పదహారో రోజుకి అక్క మీద ప్రేమ తిరిగొచ్చింది. అందుకే ఇది మాత్రేనని నాకు తెలుసు.'

ఇందుజ మంచం మీద కూలబడింది. పదహారో రోజు. అక్క మీద ప్రేమ తిరిగొచ్చిన పొద్దునే ఆ పిల్ల కాగితం పట్టుకుని తన దగ్గరికి వచ్చింది.

ఆమెకి సైన్సు అర్థం కావడానికి రెండు నిమిషాలు పట్టలేదు. మెదడులో వేడిని పసిగట్టే కణాల పక్క వాటాలోనే ప్రమాదాన్ని పసిగట్టే కణాలుంటాయి. మందు కొలతలో ఉంటే మొదటివాటిని నిద్రపుచ్చుతుంది. మిగిలిపోయి పేరుకుంటే రెండోవాటిని తట్టి లేపుతుంది. లేచినవాటికి ఎదురుగా ప్రమాదమేదీ కనపడక, మనిషికి ఏది ప్రాణమో దాన్ని ఎవరో పట్టుకుపోతున్నారని కేకలు పెడతాయి. ఏసుమణికి ప్రాణం నాగేంద్రం. మగవాళ్ళ ఒంట్లో పేరుకోదు కనక వాళ్ళకేమీ కాదు. ఇంత చిన్న సంగతి. ఏడుపు ముంచుకొచ్చింది. కళ్ళు ఇసుక పోసినట్టు గరగరలాడాయి గానీ తడి రాలేదు. నాగేంద్రం కన్ను గుర్తొచ్చి ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది.

అంత తెలిసినా, సాయంత్రం స్కూటరు చప్పుడు వినపడగానే ఆ నిప్పురవ్వ మళ్ళీ రాజుకుంది. ఇద్దరి బట్టల మీదా ఎర్రటి మిరపపొడి. ఇద్దరూ ఒకేసారి గడప దాటారు. అబద్ధమని తెలిసిన అసూయ కూడా నిజమైన అసూయంత మంటా పెడుతుందని ఆమెకి అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున కమిటీకి బయల్దేరుతుంటే ప్రయోగశాల మెట్ల మీద ఏసుమణి కూర్చుని ఉంది. యాభై ఏళ్ళుంటాయి. చేతివేళ్ళ చివర్లు మిరపకాయ రంగు పట్టి ఎర్రగా ఉన్నాయి.

"నాగేంద్రం కేసు పెట్టనందమ్మా. పెడితే బాగుండు" అంది. "చరిచి కూర్చోబెట్టి అడుగుద్దనుకున్నా, ఎందుకు కొట్టావే అని. అడగలా. నా వైపు చూడలా. లహరమ్మ చెప్పింది, అది మాత్ర పని అయ్యుండొచ్చని. నిజమేనా?"

"నిజమే ఏసుమణీ."

"అయితే కాగితం మీద రాసివ్వమ్మా. నాకు చదువు రాదు, దానికి వచ్చు. అది చదువుకుంటది. నేను చెప్తే నమ్మదు, నాకే నమ్మకం లేదు. అది ఇంకోదానికి పప్పన్నం పెడితే నాకెందుకమ్మా అంత కోపం? రాత్రంతా అదే అడుక్కున్నా. నేనట్టాంటిదాన్నా, కాదా? అది తేలకపోతే నేను బతకలేను."

ఇందుజ ఆమె పక్కన మెట్టు మీద కూర్చుంది. "సాయంత్రం రాసిస్తాను. ముందు ఇంకోచోట చెప్పి రావాలి" అంది.

కమిటీ గదిలో పన్నెండుమంది. అధ్యక్షుడు డాక్టర్ ఉపేంద్ర కలం మూత తీసి సంతకం కోసం కాగితం ముందుకు తోశాడు. నాగేంద్రాన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళిన సాక్షులుగా లహరి, కిరీటి గోడవారగా నిలబడ్డారు. ఇందుజ సంతకం పెట్టలేదు. చాపల పటాలూ, తను లైను కొట్టేసిన నివేదికా తెర మీద వేసి, ఆడవాళ్ళకి ఈ మోతాదు ఇవ్వడానికి వీల్లేదంది. కారణం చెప్పింది.

"అసూయా?" అన్నాడు ఉపేంద్ర. "డాక్టరు గారూ, అసూయ కూడా మందు చేసే చెరుపేనా? అలాగైతే మా ఇంట్లో ఏ మాత్రా లేకుండానే ముప్పై ఏళ్ళుగా ఒక రోగి ఉంది."

గదంతా నవ్వింది. ఇద్దరు ఆడ డాక్టర్లు కూడా నవ్వారు.

"నవ్వుతారని నాకు తెలుసు. ఆ భయంతోనే, పదహారో రోజున వచ్చిన ఈ లైనుని నేను కొట్టేశాను" అంది ఇందుజ. "కిందున్నది నా సంతకమే. ఇప్పుడు ఒక రోగి వివరాలు చదువుతాను, వినండి. స్త్రీ, నలభై ఆరేళ్ళు. తొమ్మిదో రోజున ఆవకాయ టెంక కోసం అన్నం దగ్గర నుంచి లేచిపోయింది. పదకొండో రోజు నుంచి భర్త స్కూటరు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాసుకుంది. పన్నెండో రోజున చెల్లెలి దిండు వాసన చూసింది."

ఎవరూ నవ్వడం లేదు. గోడవారగా కిరీటి తలెత్తాడు. ఇందుజ అటు చూడలేదు. చూస్తే చదవలేనని ఆమెకి తెలుసు.

"ఇరవై మూడో రోజున ఒక మనిషి కన్ను పోయిందని ఫోనొస్తే, నా మొగుడు ఎవరితో వెళ్ళాడని అడిగింది. ఆ రోగిని నేను. ఈ క్షణంలో కూడా, గోడ దగ్గర వాళ్ళిద్దరూ ఎందుకంత దగ్గరగా నిలబడ్డారా అని నా మనసు పీకుతోంది. వాళ్ళ మధ్య ఏమీ లేదని నాకు తెలుసు. తెలియడం వల్ల ఏమీ తగ్గడం లేదు. ఈ మాత్రని రేపు పది లక్షలమంది ఆడవాళ్ళకి ఇవ్వబోతున్నాం. వాళ్ళకి తెలియను కూడా తెలియదు."

కిరీటి మెల్లగా రెండడుగులు పక్కకి జరిగాడు. లహరికీ అతనికీ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ వచ్చింది. అది చూసి ఇందుజకి ఎంత తేలికైందో, అంతే అవమానం వేసింది.

ఆడవాళ్ళకి పంపిణీ ఆపారు. ఆడవాళ్ళ ఒంటిని బట్టి మోతాదు మొదటి నుంచి తేల్చాలన్నారు. లైను కొట్టేసిన మనిషి ఆ పరీక్ష నడపకూడదని కూడా అన్నారు, అది న్యాయమే. కొత్త పరీక్ష పెత్తనం లహరికి ఇచ్చారు. ఇందుజ ఆ సాయంత్రం ఏసుమణికి కాగితం రాసిచ్చింది. 'మిరపపొడి కొట్టింది ఏసుమణి చెయ్యి. కొట్టించింది నా మాత్ర. ముందే హెచ్చరించిన లైనుని కొట్టేసింది నేను.' మూడే వాక్యాలు, కింద పూర్తి సంతకం. ఏసుమణి దాన్ని మడిచి రవికలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మందు ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఇందుజ వంటింట్లోనే తిన్నది. రోజూ పట్టీ అంకె చూసుకునేది, స్కూటరు మీటరు వైపు చూడకుండా ఉండటానికి పెరటి గుమ్మంలోంచి నడిచేది. కిరీటి ఒక్కసారే అడిగాడు, "నిజంగా దిండు వాసన చూశావా?" అని. అవునంది. "నన్ను అడగొచ్చు కదా ఇందూ" అన్నాడు. ఆ మాటలో కోపం కంటే దెబ్బే ఎక్కువ ఉంది. ఇద్దరికీ మాత్ర ఒక్కటే, అతనికి మిగిలింది మాత్రం ఆ దెబ్బ.

అంకె సున్నా చూపించిన రోజు ఆదివారం. ఎండ అలాగే ఉంది. ఇందుజ తన కంచం తెచ్చుకుని బల్ల దగ్గర కిరీటి పక్కన కూర్చుంది. కిరీటి ఆవకాయ జాడీలో చెంచా పెట్టాడు. టెంక పైకొచ్చింది. చెంచా గాలిలో ఆగిపోయింది. పాపం, ఏ కంచంలో వెయ్యాలో అతనికి తెలియలేదు.

ఇందుజ చెంచా తీసుకుని టెంక లహరి కంచంలో వేసింది. వేస్తుంటే లోపల చిన్నగా చురుక్కుమంది. ఆమె ఆగి దాన్ని పరీక్షగా చూసుకుంది. ఇది మొగుడి గురించి కాదు. తొంభైమంది చాపలు మారుతుంటే చూసింది ఇది, నేను చూడలేదు. నా ఎనిమిదేళ్ళ పనికి ఇప్పుడు ఇది పెద్ద. ఒంట్లో మందు లేదు, కనక ఈ కుళ్ళు తనదే. చిన్నదే. దీనితో కాపురం చెయ్యొచ్చు.

"ఇవాళ్టి పటం ఏదే?" అని అడిగింది.

"ఇవాళ ఆదివారం. నిన్నటిది ఉంది" అని లహరి ఎడమచేత్తో పుస్తకం జరిపింది. మాత్రలు ఆపాక గోదాములో పని తెల్లారుజామున నాలుగు నుంచి ఎనిమిది దాకా పెట్టారు. గళ్ళు చాలావరకు తెల్లగా ఉన్నాయి. తలుపు పక్క గడిలో రెండు పేర్లు ఉన్నాయి. నాగేంద్రం, దాని కుడిపక్కన ఏసుమణి.

"కాగితం చదివిందా?"

"చదివింది. మొన్నటిదాకా అసలు పనికి రాలేదు. నిన్న వచ్చి చాప పరిచి సగం ఖాళీ ఉంచింది. ఏసుమణి వెళ్ళి కూర్చుంది."

"వీళ్ళిద్దరిలో ఎప్పుడూ ఏసుమణి ఎడమపక్కనే కదా కూర్చునేది? నీ పటాలన్నిట్లో అలాగే ఉంది."

"అవును. నేనూ అడిగాను. కన్ను పోయింది కుడివైపు కదక్కా. అటు ఎవరొస్తున్నారో దానికి కనపడదు, ఇక నుంచి అటు నేను చూస్తా అంది ఏసుమణి."

కిరీటి మంచినీళ్ళ గ్లాసు ఇందుజ వైపు జరిపాడు. ఆమె చేత్తో మొహం తుడుచుకుంది. నలభై ఆరు రోజుల తర్వాత మొదటిసారి ఆ చెయ్యి తడిసింది.